మూడు చక్రాల మీద అయుత్తయ

బాంకాకు నగరానికి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో అయుత్తయ అనే ఊరు ఉన్నది. రైలు దిగి స్టేషను వెలుపలికి వచ్చిన యాత్రికునికి మొట్టమొదట కంటబడేవి గోపురాలు కావు, కోటగోడలు కావు. వరుసగా నిలిచి ఉన్న మూడు చక్రాల మోటారు బండ్లు. ముందరి భాగం గుండ్రంగా ఉబ్బి, దీపాలు రెండు ప్రక్కలా గ్రుడ్లవలె పొడుచుకొని వచ్చి, చూడగానే కప్ప ముఖం జ్ఞప్తికి వస్తుంది. అక్కడివారు సైతం వాటిని ‘హువా కోప్’, అనగా కప్పతల బండ్లు అనే పిలుస్తారు. ఇంజను చప్పుడును బట్టి లోకమంతటా స్థిరపడిన పేరు టుక్ టుక్.

ఈ బండి పుట్టుక జపానులో. 1957లో దైహత్సు కంపెనీవారు ఇరుకు సందులలో సరకు చేరవేయడానికి మిడ్జెట్ అనే చిన్న బండిని తయారుచేశారు. ఆ రోజులలో బాంకాకు వీధులలో మనిషి తొక్కే ‘సామ్‌లో’లు తిరుగుతుండేవి, సామ్ అంటే మూడు, లో అంటే చక్రం. 1960లో ప్రభుత్వం రాజధానిలో వాటిని నిషేధించింది. తొక్కేవాడు దిగిపోయిన చోటికి ఈ జపాను బండి వచ్చి చేరింది. కాలక్రమాన బాంకాకులో దాని రూపురేఖలు మారిపోయినవి గాని, అయుత్తయలోను, దక్షిణాన త్రాంగ్ అనే ఊరిలోను మాత్రం ఆ తొలినాటి ముఖమే నిలిచి ఉన్నది. మన వీధులలోని ఆటోరిక్షా ఇటలీ దేశపు మూడు చక్రాల బండి సంతతి. కనుక ఈ రెండూ ఒక కడుపున పుట్టినవి కావు. పోలికలు కలిసిన ఇరుగు పొరుగు బిడ్డలని చెప్పుకోవచ్చును.

అయుత్తయను చూడవచ్చినవారు ఈ బండిని గంటల లెక్కన మాట్లాడుకుంటారు. నడిపేవాడు ఆలయాల బొమ్మలున్న అట్టలు చూపించి, ఏవేవి చూడదలచారో అడుగుతాడు. దానితోపాటు ఊరి చరిత్ర చెప్పగల మార్గదర్శిని కూడా కుదుర్చుకుంటే యాత్ర పూర్తి అయినట్లే. ఆ దేశంలో మార్గదర్శకవృత్తికి ప్రభుత్వపు అనుమతి కావాలి. అది స్వదేశీయులకు మాత్రమే విడిచిన వృత్తి. బండిలో బల్లలు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి కథ చెప్పేవాడు, వినేవాడు ముఖాముఖిగా కూర్చుంటారు. పైకప్పు తక్కువ ఎత్తు. గోపుర శిఖరం చూడాలంటే తల వంచి బయటికి తొంగిచూడవలసిందే. ఐనా ఆ ఊరికి ఇంతకంటె తగిన వాహనం లేదు. చావ్ ఫ్రయా, పాసాక్, లోప్‌బురీ అనే మూడు నదులు చుట్టుముట్టిన దీవి అది. శిథిలాలు దీవి మీద కొన్ని, ఏటి ఆవలి గట్లమీద కొన్ని చెదరి ఉన్నాయి. ఎండలో నడవడానికి దూరం ఎక్కువ, బస్సు ఎక్కడానికి తక్కువ.

తెలుగువానికి అక్కడ వినిపించే పేర్లు ఏవీ క్రొత్తవి కావు. అయుత్తయ అంటే అయోధ్యే. 1351లో ఈ నగరాన్ని స్థాపించిన రాజు ‘రామాథిబొడి’, మన నోట రామాధిపతి. ‘నరేసువాన్’ నరేశ్వరుడు, ‘త్రైలోకనాత్’ త్రైలోక్యనాథుడు, ‘వట్ మహాథాత్’ మహాధాతువుండే ఆలయం, ‘వట్ చైవత్థనారామ్’ జయవర్ధనారామం. మార్గదర్శి పలికే ప్రతి పేరులోను ఒక సంస్కృత పదం పలుకుబడి మార్చుకొని వచ్చి మనలను పలకరిస్తుంది.

పేర్ల చుట్టరికమే కాదు, బేరసారాల చుట్టరికం కూడా ఉండేది. 17వ శతాబ్దిలో గోలకొండ సుల్తానుల రేవైన మచిలీపట్నం నుండి ఓడలు బంగాళాఖాతం దాటి మెర్గీ రేవుకు చేరేవి. ఆ రేవు అప్పుడు సియాము రాజ్యానిది, ఇప్పుడు బర్మాలోనిది. అక్కడినుండి సరకు తెనాసెరిం నది వెంట ఎగువకు పోయి, కొండదారి దాటి, సియాము సింధుశాఖ తీరానికి దిగి, అయుత్తయ చేరేది. మలక్కా జలసంధి చుట్టూ తిరిగిపోయే పని లేకుండా ఇది దగ్గరి దారి. సియాము రాజసభకు కావలసిన పూలు, లతలు, దేవతామూర్తుల నమూనాలను అక్కడినుండి పంపితే, మన కోరమాండల్ తీరపు అద్దకంవారు ఆ రీతినే బట్టలు అద్ది పంపేవారు. అక్కడినుండి తిరుగు ఓడలలో ఏనుగులు సైతం వచ్చేవి. పెడన, బందరు ప్రాంతాల కలంకారీ పనివారి ముత్తాతలకు అయుత్తయ దొరల అభిరుచులు తెలిసి ఉండేవన్నమాట. గోలకొండలోను, అయుత్తయలోను పారసీక వర్తకులకు పలుకుబడి ఉండడం ఈ రాకపోకలకు మరింత ఊతమిచ్చింది.

సఖ్యత చిరకాలం సాగలేదు. నారాయణ రాజు (థాయిల నోట ‘నారై’, ఇతడు 1656 నుండి 1688 వరకు ఏలినవాడు) కాలంలో మెర్గీ రేవుకు శామ్యూల్ వైట్ అనే ఆంగ్లేయుడు షాబందరు, అనగా రేవు అధికారి అయినాడు. గోలకొండ ఓడలను పట్టుకోవడంలో అతనికి రాజుగారి లాభమూ, సొంత లాభమూ వేరు వేరుగా కనిపించలేదు. 1680ల నడుమ సియాముకు, గోలకొండకు వైరం ముదిరింది. 1687లో మెర్గీలో ఆంగ్లేయుల మీద తిరుగుబాటు జరిగి పలువురు హతులైనారు. ఆ యేడే గోలకొండ కోట ఔరంగజేబు వశమైనది. అయుత్తయలో దీవికి వెలుపల పోర్చుగీసు, జపాను, డచ్చి వర్తకుల పాతపేటల ఆనవాళ్ళు యాత్రికులకు చూపిస్తారు. తెలుగు తీరం నుండి వచ్చిన బట్టలకు మాత్రం పేట గుర్తు ఏదీ లేదు. అది చూడదలచినవారు ప్రదర్శనశాలలలో ఆనాటి వస్త్రఖండాలను వెదకవలసి ఉంటుంది.

ఇక శిథిలాల మాట. వట్ మహాథాత్ ఆవరణలో బండి ఆగగానే వరుసగా కనిపించేవి తలలేని బుద్ధవిగ్రహాలు. మార్గదర్శులు సాధారణంగా దీనికి ఒక్క వాక్యంలో కారణం చెబుతారు: 1767లో బర్మావారు నరికివేశారు. ఆ వాక్యంలో అసత్యం లేదు. సుమారు 14 నెలల ముట్టడి తరువాత, 1767 ఏప్రిల్ 7వ తేదీన బర్మా సేనలు నగరంలో ప్రవేశించాయి. రాజభవనం, ఆలయాలు, గ్రంథాలు దగ్ధమైనవి. వేలకొలది ప్రజలను బందీలుగా పట్టుకొనిపోయారు. నాలుగు వందల యేండ్లు నిలిచిన రాజధాని ఆ వేసవితో ముగిసింది. ఐతే ఆ వాక్యం ఎక్కడ ఆగిపోతుందో, చరిత్ర అక్కడ ఆగలేదు. నగరం ఒక్క దినంలో పడిపోయినది గాని, శిథిలం కావడానికి రెండు శతాబ్దులు పట్టింది. అందులో చేయివేసినవారు అనేకులు.

1782లో బాంకాకు రాజధాని అయినది. మొదటి రాముడు అనే పేరుతో ప్రసిద్ధుడైన రాజు క్రొత్త నగరానికి ప్రాకారం కట్టదలచినప్పుడు ఇటుకలకు ఎదురు చూడవలసిన పని లేకపోయింది. అయుత్తయ కోటగోడలను విప్పి, ఆ ఇటుకలను పడవలమీద నది వెంట దిగువకు తరలించారు. ఉత్తరాది పాడుబడిన ఆలయాలనుండి వేయికి పైగా బుద్ధవిగ్రహాలను కూడా రాజధానికి చేర్చారు. దీనిని దోపిడి అనడం అన్యాయం. పాత ఇంటి దూలం క్రొత్త ఇంటికి వాడుకొనే గృహస్థుని పని వంటిది అది. ఐనా పాత ఇంటికి జరిగేది మాత్రం ఒకటే.

తరువాత నిక్షేపాల వేటగాండ్లు వచ్చారు. చైత్యాల గర్భంలో బంగారం ఉంటుందనే నమ్మకం ఎంత నిజమో అంత హానికరం. ఎక్కడ చూచినా గోపురాల నడుమ గునపం దెబ్బల గోతులే. అదీగాక పాశ్చాత్యదేశాలలో ప్రాచీన శిల్పాలకు గిరాకీ పెరిగిన కొలదీ బుద్ధుని శిరస్సులకు వెల వచ్చింది. నిలువెత్తు విగ్రహాన్ని మోయడం కష్టం, తలను సంచిలో వేసుకొని పోవచ్చును. వట్ మహాథాత్‌లో రావిజాతి చెట్టు వేళ్ళు పెనవేసుకొన్న శిరస్సు ఒకటి జగత్ప్రసిద్ధమైనది. అది అక్కడికి ఎలా చేరిందో చెప్పే కథలలో దొంగలు మోయలేక విడిచిపోయారన్నది ఒకటి. దాని ప్రక్కన ఫోటో దిగేవారు ఆ తలకంటె ఎత్తుగా ఉండరాదు, నేలమీద కూర్చోవలసిందే. కావలివారు ఈ నియమాన్ని గట్టిగా అమలు జరుపుతారు. ఆ ఆలయపు మహాగోపురం మాత్రం ఏ శత్రువూ ముట్టుకోకుండానే 20వ శతాబ్ది తొలి యేండ్లలో తనంత తాను కూలిపోయింది.

దారికి ఆవలి ప్రక్కనే వట్ రాజబురాణ. 1424లో సింహాసనం కోసం ఇద్దరు అన్నదమ్ములు ఏనుగులెక్కి పోరాడి ఇద్దరూ మరణించారు. రాజ్యం మూడవ తమ్మునికి దక్కింది. అతడు అన్నల దహనస్థలంలో ఈ ఆలయం కట్టించి, గోపుర గర్భంలో భూగృహం నిర్మించి, బంగారు నిధులు నిక్షేపించాడు. 1767 నాటి సైనికులకు ఆ గది దొరకలేదు. 1957లో స్థానికులైన దొంగలకు దొరికింది. బుద్ధశకం 2500 సంవత్సరాలు నిండినందుకు దేశమంతటా ఉత్సవాలు జరిగిన యేడే అది! పోలీసులు కొంత సొత్తును రాబట్టారు. ఆపైన ప్రభుత్వ లలితకళాశాఖవారు భూగృహాన్ని శాస్త్రీయంగా తెరిచి, మిగిలిన బంగారు వస్తువులను, వేలకొలది చిన్న బుద్ధబింబాలను వెలికి తీశారు. ఆ బింబాలనే దాతలకిచ్చి వచ్చిన ధనంతో ప్రదర్శనశాల కట్టారు. 1961లో తెరిచిన ఆ భవనానికి అన్నల కోసం గుడి కట్టించిన ఆ మూడవవాని పేరే, చావ్ సామ్ ఫ్రయా అని పెట్టారు. యాత్రికులు ఇప్పటికీ నిటారైన మెట్లు దిగి ఆ చీకటి గదిలోని వెలిసిన కుడ్యచిత్రాలను చూడవచ్చును.

మరి ఇంతమంది చేతులు ఉండగా ఒక్క బర్మావారి పేరే ఎందుకు మిగిలినది? బండి ఊరికి తూర్పుగా, ఏటి ఆవల ఉన్న వట్ యై చైమొంగ్కోన్‌కు పోయేటప్పుడు ఈ ప్రశ్న అడగడం ఉచితం. నరేశ్వరరాజు 1593లో బర్మా యువరాజును గజయుద్ధంలో చంపిన విజయానికి గుర్తుగా అక్కడి మహాచైత్యాన్ని చెబుతారు. 1917లో దామ్రోంగ్ రాజకుమారుడు థాయి, బర్మా యుద్ధాల చరిత్రను గ్రంథంగా ప్రకటించాడు. ఆయన పండితుడు, పరిశ్రమశీలి. ఆ దేశపు చరిత్రరచనకు పితామహునిగా గౌరవింపబడినవాడు. ఐతే పూర్వం రాజుకు రాజుకు జరిగిన కలహాలు ఆ పుస్తకంతో జాతికి జాతికి జరిగిన యుద్ధాలుగా స్థిరపడ్డాయి. నరేశ్వరుని కాలపు సేనలలో ఎన్ని జాతులవారు ఏ పక్షాన ఉన్నారో లెక్కపెట్టబోతే అంత తేలికగా గీత గీయలేము. పాఠశాలలో చదివిన వాక్యమే మార్గదర్శి నోట వస్తుంది. అతనిని తప్పుపట్టడం దేనికి? మన కోటల దగ్గర మన మార్గదర్శులు చెప్పే మాటలు కూడా ఇటువంటివే.

ఆ వాక్యానికి ఒక జవాబు కూడా ఆ ఊరిలోనే ఉన్నది. రాజప్రాసాదం ప్రక్కన మొంగ్కోన్ బొఫిత్ అనే కాంస్య బుద్ధమూర్తి 1767లో కప్పు కాలిపోయినది మొదలు దాదాపు రెండు శతాబ్దులు ఎండకు, వానకు గురి అయినది. 1955లో బర్మా ప్రధానమంత్రి ఊ నూ అయుత్తయ చూడవచ్చి, ఆలయ పునర్నిర్మాణానికి రెండు లక్షల బాత్‌లు విరాళమిచ్చాడు. మరుసటి యేటికల్లా విహారం లేచి నిలిచింది. భక్తులతో నిత్యం క్రిక్కిరిసి ఉండే ఈ విహారం ముందర బండ్లు నిలిపే చోటు దొరకడం కష్టం. అక్కడ పూలు, అగరువత్తులు పట్టుకొని వచ్చేవారిలో ఈ సంగతి ఎందరికి తెలుసునో గాని, మార్గదర్శిని అడిగితే చెబుతాడు. అడగకపోతే మాత్రం తరచుగా చెప్పడు.

దాని ప్రక్కనే వట్ శ్రీ సన్‌ఫెత్. సన్‌ఫెత్ అంటే సర్వజ్ఞుడు. మూడు తెల్లని చైత్యాలలో ముగ్గురు రాజుల అస్థికలు. ఇది రాజులు పూజించిన ఆలయం. భిక్షువులు నివసించినది కాదు. 1500లో ఇక్కడ 16 మీటర్ల ఎత్తుగల నిలువెత్తు బుద్ధమూర్తిని ప్రతిష్ఠించి బంగారు రేకులు తాపించారు. 1767లో ఆ బంగారం కరిగించుకోవడానికి నిప్పు పెట్టారు. లోపలి లోహం మాత్రం మిగిలింది. మొదటి రాముడు దానిని పడవమీద బాంకాకు తెప్పించి, మళ్ళీ విగ్రహంగా మలచడం సాధ్యం కాదని తేలగా, వట్ ఫో ఆవరణలో ఆకుపచ్చని పలకలు తాపిన చైత్యం కట్టించి దాని గర్భంలో ఉంచాడు. అయుత్తయలో మార్గదర్శి ఖాళీ పీఠాన్ని చూపించి ముందుకు నడుస్తాడు. మిగిలిన లోహం ఉన్న చోటికి వెళ్ళదలచినవారు, కప్పతల బండివానికి గంటల లెక్క చెల్లించి, స్టేషను దగ్గర దిగి, బాంకాకు రైలు ఎక్కవలసి ఉంటుంది.