చిన్న చక్రానికి చుట్లెక్కువ

1895లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో కర్టిస్ వీడర్ అనే ఇంజనీరు సైకిలు ముందు చక్రం ఇరుసుకు తగిలించే చిన్న లెక్కపెట్టె ఒకటి తయారు చేశాడు. అదే సైక్లోమీటర్. చక్రం చువ్వకు బిగించిన చిన్న పుల్లలాంటి ఇనపముక్క, చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా పెట్టెకున్న నక్షత్రపు పళ్లచక్రాన్ని టక్కున ఒక పన్ను ముందుకు నెట్టేది. లోపలి పళ్లచక్రాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయి మైళ్ల అంకెలు మార్చేవి. 28 అంగుళాల చక్రానికి ఒక మీటరు, 26 అంగుళాలకు ఇంకొకటి. కొనేవాళ్లు ముందు తమ చక్రం సైజు చెప్పాల్సిందే.

ఈ కిటుకు వీడర్‌ కంటే చాలా పాతది. రోమన్ ఇంజనీరు విట్రూవియస్ రెండు వేల ఏళ్ల కిందటే బండి చక్రంతో దూరం కొలిచే యంత్రాన్ని వర్ణించాడు. చక్రం 400 చుట్లు తిరిగితే ఒక రోమన్ మైలు, ఆ మైలుకో గులకరాయి డబ్బాలో పడుతుంది. దిగాక రాళ్లు లెక్కపెట్టుకుంటే చాలు. అప్పుడూ ఇప్పుడూ యంత్రానికి తెలిసింది చుట్టు ఒక్కటే. దూరమైనా వేగమైనా దాని మీద వేసిన హెచ్చవేతే.

1936లో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ రీడ్ స్విచ్ కనిపెట్టాడు. సన్నని గాజు గొట్టంలో రెండు పల్చటి లోహపు రేకులుంటాయి. అయస్కాంతం దగ్గరికి వస్తే అవి అతుక్కుంటాయి, దూరం జరిగితే విడిపోతాయి. 1980లలో ఎలక్ట్రానిక్ సైకిల్ మీటర్లు వ్యాపించినప్పుడు ఈ గొట్టమే వాటికి ప్రాణం. చువ్వకు అయస్కాంతం, ఫోర్కుకు స్విచ్, అక్కణ్నుంచి హ్యాండిల్ దాకా తీగ. మామూలు సైకిలుకు ఈ అమరిక చక్కగా కుదిరింది. మడత సైకిలుకు ఆ తీగే చిక్కు తెచ్చింది.

లండన్‌లో 1970ల మధ్యలో ఆండ్రూ రిచీ తన ఫ్లాట్‌లో ఒక మడత సైకిలు నమూనా కట్టాడు. కిటికీలోంచి కనిపించే బ్రాంప్టన్ ఆరేటరీ చర్చి పేరే దానికి పెట్టాడు. ఈ బ్రాంప్టన్‌ను మడిస్తే వెనక చక్రం కిందికి తిరుగుతుంది, ముందు చక్రం వచ్చి దాని పక్కన చేరుతుంది, హ్యాండిల్ కాడ పక్కకు వాలుతుంది. ఈ మెలికలన్నిటి మధ్యా మీటరు తీగ నలగాలి, లేదా ఎక్కడో తగులుకోవాలి. అందుకే వైర్‌లెస్ సెన్సరు రావడం మడత సైకిలు వాళ్లకు నిజమైన వరం.

ఆ వరానికీ ఒక షరతుంది. తొలి తరం అనలాగ్ సెన్సర్ల సంకేతం సుమారు 70 సెంటీమీటర్లు మాత్రమే అందేది. పెద్ద చక్రం ఫోర్కు నుంచి హ్యాండిల్‌కు ఆ దూరం సరిపోతుంది. బ్రాంప్టన్ చక్రమేమో నేలకు దగ్గరగా ఉంటుంది, హ్యాండిల్ మాత్రం పొడవాటి కాడ మీద మామూలు ఎత్తులోనే నిలుస్తుంది. సెన్సరును ఇరుసు దగ్గర కడితే అంకె సున్నా దగ్గరే ఆగిపోవచ్చు. రిమ్ము వైపు పైకి జరిపితే దూరం తగ్గుతుంది. చువ్వ మీద అయస్కాంతం ఎక్కడున్నా చుట్టుకు ఒక్కసారే ఎదురుపడుతుంది కాబట్టి లెక్క తప్పదు. ఎంత తేలికైన ఉపాయం! ఇక మిగిలింది మడిచినప్పుడు సెన్సరు దేనికైనా రాసుకుంటుందేమో చూసుకోవడమే.

తర్వాత డిజిటల్ సంకేతాలు వచ్చాయి. కెనడాలోని డైనాస్ట్రీమ్ కంపెనీ యాంట్ అనే వైర్‌లెస్ పద్ధతిని తయారు చేసింది, 2006లో గార్మిన్ ఆ కంపెనీనే కొనేసింది. 2010 తర్వాత తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ కూడా తోడైంది. ఒక్కో సెన్సరుకూ సొంత గుర్తింపు ఉంటుంది కాబట్టి పక్క సైకిలు వేగం మన మీటరులో దూరే బెడద పోయింది, దూరం ఇబ్బందీ తీరింది. అయస్కాంతం లేకుండా రబ్బరు పట్టీతో హబ్‌కు చుట్టే సెన్సర్లూ వచ్చాయి. బ్రాంప్టన్ వెనక హబ్‌లో గేర్లుంటే అది లావుగా ఉంటుంది. ముందుది సన్నం, పట్టీకి అదే అనువు.

అసలైన పరీక్ష స్ట్రైడా అనే మరో మడత సైకిలు. మార్క్ శాండర్స్ లండన్‌లో విద్యార్థిగా గీసిన నమూనా 1987లో సైకిలై వచ్చింది. త్రికోణపు చట్రం, చైనుకు బదులు బెల్టు, చక్రాలను పట్టుకునే కొమ్మ ఒక్క వైపే. మడిస్తే రెండు చక్రాలూ పక్కపక్కన చేరి అయస్కాంతంతో అతుక్కుంటాయి. సెన్సరు కట్టడానికి రెండో ఫోర్కు కొమ్మ ఉండదు. చక్రం అచ్చుపోసిన రకమైతే సన్నటి చువ్వ కోసం చేసిన అయస్కాంతపు బిళ్ల దాన్ని పట్టుకోదు. అందుకే స్ట్రైడాకు సెన్సరు కొనేముందు బ్రాండు కంటే హబ్ వెడల్పు చూడాలి, పట్టీకి చోటుందో లేదో చూడాలి.

సైజు సంగతి ఇంకా మిగిలే ఉంది. 16 అంగుళాలని పిలిచే రిమ్ముల్లో 349 మిల్లీమీటర్లవీ 305 మిల్లీమీటర్లవీ ఉన్నాయి. బ్రాంప్టన్‌ది 349. దానికి 35 మిల్లీమీటర్ల టైరు వేస్తే ఒక చుట్టుకు దాదాపు 1316 మిల్లీమీటర్ల దూరం వస్తుంది. 305కు అదే టైరు వేస్తే 1178 మాత్రమే. రెండూ ఒకటే అనుకుంటే పదింట ఒక వంతుకు పైగా తప్పు. మీటరులో పెద్ద చక్రానికి ఉండే 2130 మిల్లీమీటర్ల సంఖ్యను మార్చకుండా వదిలేస్తే మరీ ఘోరం. బ్రాంప్టన్ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మీటరు 32 చూపిస్తుంది.

దీనికి మందు సుద్దముక్క. టైరులో గాలి సరిగా నింపి, వాల్వు కిందికి వచ్చేలా నిలిపి, నేల మీద గీత గీయాలి. మనిషి కూర్చుని ఉండగానే వాల్వు మళ్లీ కిందికి వచ్చేదాకా నెమ్మదిగా నడిపించి రెండో గీత గీయాలి. రెండు గీతల మధ్య టేపు పెట్టి, వచ్చిన మిల్లీమీటర్లను మీటరులో ఎక్కిస్తే సరి.