తంజావూరు అరమనలో మన తాటాకులు

తంజావూరు వెళ్లిన మనవాళ్లలో చాలామంది పెద్దగుడి చూసుకుని, రైలుకు టైమైపోతోందంటూ స్టేషన్ దారి పడతారు. రాజరాజ చోళుడి విమానం ముందు నిలబడితే నోట మాట రాదు, నిజమే. కానీ అక్కడికి కాస్త దూరంలోనే ఉన్న అరమన తెలుగు రాజులు మొదలుపెట్టి కట్టుకున్నది. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఆ గడప తొక్కకుండా తిరిగొచ్చామని ఎవరైనా అంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

విజయనగరంలో అచ్యుతదేవరాయలు ఏలుతున్న కాలాన, 1532 ప్రాంతంలో, ఆయన తోడల్లుడు చెవ్వప్ప నాయకుడికి తంజావూరు దక్కింది. ఆ తర్వాత కొడుకు అచ్యుతప్ప, మనవడు రఘునాథుడు, మునిమనవడు విజయరాఘవుడు. 1565లో తళ్లికోట దెబ్బకు విజయనగరం కుప్పకూలాక, మన కవులకూ నాట్యకత్తెలకూ కావేరి ఒడ్డే దిక్కయింది. రఘునాథుడు స్వయంగా కవి, వీణ తెలిసినవాడు. చేమకూర వేంకటకవి ‘విజయవిలాసం’ అంకితమిచ్చింది ఆయనకే. 1620లో డేన్మార్కువాళ్లను తరంగంబాడిలో కోట కట్టుకోనిచ్చిందీ ఆయనే. విజయరాఘవుడు తండ్రి దినచర్యనే ఒక ద్విపద కావ్యం చేశాడు. ఆ కొలువులో ఆడవాళ్లూ కలం పట్టారు. రామభద్రాంబ సంస్కృతంలో రఘునాథుడి మీద కావ్యం రాస్తే, రంగాజమ్మ తెలుగులో ‘మన్నారుదాస విలాసం’ రాసింది.

1673లో అంతా తలకిందులైంది. మధుర నాయకుడు చొక్కనాథుడు పిల్లనడిగాడు, విజయరాఘవుడు ఇవ్వనన్నాడు. మధుర సేన కోట మీదికి వచ్చింది. ముసలితనంలో కత్తి పట్టి రాజు యుద్ధంలోనే పోయాడు. అంతఃపురాన్ని ఆడవాళ్లతో సహా మందుగుండుతో పేల్చేశారని ‘తంజావూరి ఆంధ్ర రాజుల చరిత్ర’ చెబుతుంది. ఆ ఆవరణలో నడుస్తుంటే ఈ సంగతి నన్ను ఒక పట్టాన వదలదు.

కొద్ది ఏళ్లకే శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ వచ్చి ఊరు పట్టుకున్నాడు. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే రాజులు తెలుగును ఎందుకు ఉండనిస్తారు? ఉండనివ్వడమే కాదు, ఏకోజీ కొడుకు షాహాజీ తనే తెలుగులో ‘పల్లకీ సేవా ప్రబంధం’ రాశాడు. ఆటకూ పాటకూ ఆ కొలువు అలవాటుపడ్డ భాష తెలుగు. కొత్త రాజు ఆ అలవాటును నెత్తిన పెట్టుకున్నాడు. దగ్గర్లోని మేలట్టూరులో నరసింహ జయంతికి ఇప్పటికీ తెలుగు భాగవత నాటకాలు ఆడుతున్నారంటే, పక్కనున్న తిరువయ్యారులో త్యాగరాజు తెలుగులో పాడుకున్నాడంటే, దాని వెనక ఈ అరమన ఉంది.

దర్బారు హాల్లో రంగులు వేసిన స్తంభాలు, మరాఠా రాజు రెండో శరభోజి పాలరాతి విగ్రహం తీరిగ్గా చూడండి. నా కాళ్లు మాత్రం సరస్వతీ మహల్ గ్రంథాలయం వైపే లాగుతాయి. అద్దాల వెనక తాటాకు ఎంత చిన్నదో! రెండు వేళ్ల వెడల్పు, తాడు దూర్చడానికి చిల్లు, గంటంతో గీసి మసి పట్టించిన అక్షరాలు. పద్యం కూడా వచనంలాగే అంచు నుంచి అంచు దాకా సాగిపోతుంది; మాటకూ మాటకూ ఎడం ఉండదు. యతి ఎక్కడ పడిందో చెవితో పట్టుకుంటే తప్ప పాదం విరుపు తెలియదు. చూపు ఆనించి రెండు పాదాలు కూడబలుక్కునేసరికి వెనక జనం తోసుకొస్తారు.

నాయకుల నాటి నుంచి పోగైన ఈ భండారాన్ని 1798 నుంచి 1832 దాకా ఏలిన శరభోజి కళ్లకద్దుకుని పెంచాడు. కాశీయాత్రకు వెళ్లినా గ్రంథాలు సేకరించుకొచ్చాడు. 1855లో రాజ్యం ఇంగ్లీషువాళ్ల పరమైనా గ్రంథాలు చెదిరిపోలేదు. 1918లో అందరికీ తలుపులు తెరిచారు.

గ్రంథాన్ని దాచడం ఒక ఎత్తు, దాన్ని ఉన్నదున్నట్టు జనంలోకి తేవడం ఒక ఎత్తు. మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులోని ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ మొదట అచ్చయినప్పుడు, ఆమె తన గురించి చెప్పుకున్న అవతారికనూ కొన్ని పద్యాలనూ తీసేశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ మొత్తం కావ్యాన్ని అచ్చుకెక్కించింది. బూతని వీరేశలింగం గారు అప్పటికే ఈసడించారు, ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి హయాంలో ఆ నిషేధం తొలగింది. అదే నాగరత్నమ్మ తన సొమ్ము పోసి తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మీద గుడి కట్టించింది.

మన యూనివర్సిటీల్లో తెలుగు ఎం.ఏ. చదివే పిల్లల్ని ఒక్కసారైనా ఆ గ్రంథాలయానికి పంపాలి. ఈ కాలాన్ని పుస్తకంలో ‘దక్షిణాంధ్ర యుగం’ అని పరీక్షకు బట్టీ పట్టిన పిల్ల, తాటాకు మీద తెలుగు అక్షరాన్ని తనంతట తాను కూడబలుక్కుని చదవాలి. లిపి నేర్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.