బర్డ్ ఫ్లూ: కోళ్లలో కణజాల నష్టం

రంగారెడ్డి జిల్లా హయత్‌నగర్ మండలం తొర్రూరు కోళ్ల ఫారంలో 2015 ఏప్రిల్‌లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. భోపాల్ ప్రయోగశాల వ్యాధిని నిర్ధారించాక ఆ ఫారంలోని కోళ్లను చంపి పూడ్చారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరులోనూ ఇదే వ్యాధి తేలింది.

సాధారణ ఫ్లూ వైరస్ కోడి శ్వాసనాళంలోనో పేగులోనో ఆగిపోతుంది, ఎందుకంటే దాని హిమాగ్లుటినిన్ ప్రొటీన్‌ను చీల్చే ఎంజైములు ప్రధానంగా అక్కడే ఉంటాయి. హెచ్5ఎన్1 ఉగ్ర రకాలకు ఆ అడ్డు లేదు. శరీరమంతటా ఉండే ఫ్యూరిన్ వంటి ఎంజైములే వాటి ప్రొటీన్‌ను చీలుస్తాయి. అందుకే వైరస్ అన్ని అవయవాలకూ పాకుతుంది. అసలు విధ్వంసం రక్తనాళాల లోపలి పొరలో జరుగుతుంది. ఆ కణాలు చావగానే రక్తం, ద్రవం బయటికి ఊరతాయి: తల వాస్తుంది, తురాయి నీలంగా మారుతుంది, కాళ్ల చర్మం కింద ఎర్రటి మచ్చలు తేలతాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. క్లోమం, ప్లీహం, గుండె కండరం, మెదడులో కణాలు చచ్చిన మచ్చలు కనిపిస్తాయి. కొన్ని కోళ్లు మాత్రం ఏ గుర్తూ ఏర్పడకముందే కూలిపోతాయి.

కందనకాయకు ముందుండే జీర్ణాశయంలో బర్డ్ ఫ్లూ వల్ల కనిపించే రక్తపు చుక్కలు కోళ్ల మరో వ్యాధి అయిన కొక్కెర తెగులులోనూ ఉంటాయి. కాబట్టి కోసి చూసి తేల్చడం కుదరదు, ఫారంలో కోయడం మనిషికీ ప్రమాదమే. ఆర్టీ-పీసీఆర్ వంటి ప్రయోగశాల పరీక్షే వ్యాధిని నిర్ధారిస్తుంది.