కడుపుతో ఉన్నప్పుడు షుగర్: పరీక్ష ఎప్పుడు, తిండి ఎలా, రంజాన్‌లో ఏం చేయాలి?

నరసరావుపేట: పల్నాడులో చాలా ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లోనే. ఏడో నెల రాగానే సత్వాసా చేసి, కోడల్ని మాచర్ల నుంచి నరసరావుపేటకో, గురజాల నుంచి గుంటూరుకో పంపిస్తారు. సరిగ్గా ఆ రోజుల్లో చేయించాల్సిన ఒక రక్త పరీక్ష ఈ ప్రయాణంలోనే తప్పిపోతుంటుంది. అత్తగారి వైపు వాళ్లు "అక్కడికి వెళ్లాక చేయిస్తారులే" అనుకుంటారు. పుట్టింటి వాళ్లు "అక్కడే అయిపోయి ఉంటుంది" అనుకుంటారు. అదే గర్భిణుల షుగర్ పరీక్ష. ఇది తప్పితే నష్టం తల్లికీ, బిడ్డకీ ఇద్దరికీ.

ఇది ఏ షుగర్?

గర్భం పెరిగే కొద్దీ మాయ నుంచి కొన్ని హార్మోన్లు విడుదలవుతాయి. ఇవి ఒంట్లోని ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. చాలామంది ఆడవాళ్లలో శరీరం ఇంకాస్త ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. సర్దుకోలేని వారిలో రక్తంలో షుగర్ పెరుగుతుంది. దీన్నే జెస్టేషనల్ డయాబెటిస్ అంటారు. స్వీట్లు ఎక్కువ తిన్నందుకు పడిన శిక్ష కాదు ఇది. సన్నగా ఉన్నవాళ్లకూ రావచ్చు. ఇంట్లో ఎవరికీ షుగర్ లేకపోయినా రావచ్చు. చాలాసార్లు ఏ లక్షణమూ కనిపించదు. అందుకే "నాకేం లేదు, బాగానే ఉన్నా" అని పరీక్ష మానేయకూడదు.

పరీక్ష ఎప్పుడు, ఎలా?

కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల ప్రకారం ప్రతి గర్భిణికీ రెండుసార్లు పరీక్ష చేయాలి. మొదటిది గర్భం నిర్ధారణ అయ్యాక తొలిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు. అందులో మామూలుగా ఉంటే రెండోది 24 నుంచి 28 వారాల మధ్య, అంటే ఆరో నెల చివర, ఏడో నెలలో. రెండు పరీక్షల మధ్య కనీసం 4 వారాల తేడా ఉండాలి. ఆలస్యంగా చూపించుకోవడం మొదలుపెట్టిన వాళ్లకు ఆ రోజే చేస్తారు.

పద్ధతి తేలికే. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నుంచి 10 నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటల తర్వాత రక్తం తీసి చూస్తారు. పరగడుపున రావాల్సిన పని లేదు, తిని వచ్చినా చేస్తారు. దూరం ఊళ్ల నుంచి బస్సులో వచ్చేవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. తాగిన 30 నిమిషాల్లోపు వాంతి అయితే మరుసటి రోజు మళ్లీ చేయించుకోవాలి. 30 నిమిషాలు దాటాక అయితే అదే పరీక్ష కొనసాగిస్తారు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షకు డబ్బు కట్టక్కర్లేదు. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన నాలుగో నెల నుంచి గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. తేదీ, ఏర్పాట్లు ఆశా కార్యకర్తను అడిగితే చెబుతారు.

రిపోర్టులో నంబరు ఎలా చూడాలి?

గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 140 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే జెస్టేషనల్ డయాబెటిస్. 140 లోపు ఉంటే మామూలు.

కొన్ని ప్రైవేటు ల్యాబుల్లో పరగడుపున రమ్మని మూడుసార్లు రక్తం తీస్తారు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి. అందులో పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 హద్దులు. మూడింట్లో ఏ ఒక్కటి అంత ఉన్నా, దాటినా షుగర్ ఉన్నట్టే. రెండు పద్ధతుల నంబర్లు వేరు కాబట్టి ఒకదానితో ఇంకోదాన్ని పోల్చి కంగారు పడకూడదు. మూడు నెలల సగటు చూపించే పరీక్ష ఒక్కటే చేయించుకుని సరిపెట్టుకోకూడదు.

పట్టించుకోకపోతే?

తల్లి రక్తంలోని షుగర్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది. బిడ్డ మరీ లావుగా పెరగొచ్చు. కాన్పులో భుజాలు ఇరుక్కోవచ్చు, ఆపరేషన్ అవసరం పడొచ్చు. పుట్టగానే బిడ్డ షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. తల్లికి బీపీ, ఉమ్మనీరు పెరగడం లాంటివి రావచ్చు. తొమ్మిది దేశాల్లో 25 వేల మందికి పైగా గర్భిణులతో చేసిన హాపో అధ్యయనం 2008లో వెలువడింది. తల్లి షుగర్ పెరిగే కొద్దీ ఈ ఇబ్బందులూ పెరుగుతాయని అది తేల్చింది. మంచి సంగతి ఏమిటంటే, చాలామందికి తిండి, నడకతోనే అదుపులోకి వస్తుంది.

తిండి: మానడం కాదు, పంచుకోవడం

అన్నం పూర్తిగా మానేసి కడుపు మాడ్చుకోవడం తప్పు. బిడ్డకు ఆహారం కావాలి. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిన్న తిండి, ఇలా పంచుకుని తినాలి.

● పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు అన్నం లేదా రొట్టె. మిగతా పావు వంతు పప్పు, గుడ్డు, చేప, చికెన్.

● దాల్చా, పాలకూర పప్పు, గోంగూర మంచివే. నూనె, నెయ్యి తగ్గించాలి.

● జొన్న రొట్టె మంచిదే. అలాగని "జొన్నే కదా" అని నాలుగు తినకూడదు. రాగి జావ కూడా గ్లాసుల కొద్దీ తాగితే షుగర్ పెరుగుతుంది.

● బెల్లం, తేనె, ఖర్జూరం సహజమైనవే అయినా వాటిలో ఉన్నదీ చక్కెరే. శర్బత్, కూల్‌డ్రింక్, పళ్ల రసం మానాలి. పండు కొరికి తినాలి.

● దావత్‌లో బిర్యానీ ఉంటే ముందు దహీ చట్నీ, కీరా ముక్కలు, మాంసం ముక్కలు తిని, ఆ తర్వాత కొద్దిగా రైస్. ఖుబానీ కా మీఠా, షీర్ ఖుర్మా వద్దు.

డాక్టర్ వద్దనకపోతే రోజూ 30 నిమిషాలు నడవాలి. రెంటచింతల ఎండలు తెలిసినవే కదా, కాబట్టి వేసవిలో తెల్లవారుజామునో, మగ్రిబ్ తర్వాతో నడవడం మంచిది. వాకిట్లోనో, మేడ మీదో నడిచినా చాలు.

మాత్రలు, ఇన్సులిన్

రెండు వారాలు తిండి, నడక పాటించాక మళ్లీ పరీక్ష చేస్తారు. తిన్న రెండు గంటలకు 120 లోపు ఉంటే అలాగే కొనసాగించాలి. 120 లేదా ఎక్కువ ఉంటే మందు మొదలుపెడతారు. మెట్‌ఫార్మిన్ మాత్రను 20 వారాలు దాటాకే ఇస్తారు. అంతకుముందు అవసరమైతే ఇన్సులినే. ఏది, ఎంత అన్నది డాక్టర్ నిర్ణయించాలి. ఇంట్లో పెద్దవాళ్ల షుగర్ మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకూడదు.

ఇన్సులిన్ అనగానే రెండు భయాలు. ఒకటి, "మొదలుపెడితే జీవితాంతం పొడుచుకోవాలి" అని. ఎక్కువ మందికి కాన్పు కాగానే ఆపేస్తారు. రెండోది, "పంది నుంచి తీస్తారట" అని. ఒకప్పుడు పంది, ఆవుల నుంచి తీసిన మాట నిజమే. ఇప్పుడు ఎక్కువగా వాడేది బ్యాక్టీరియా, ఈస్ట్‌ల ద్వారా ల్యాబుల్లో తయారయ్యే మానవ ఇన్సులిన్. సందేహం ఉంటే పేరు చూపించి ఫార్మసిస్టును అడగొచ్చు.

ఇన్సులిన్ వాడుతుండగా చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే షుగర్ పడిపోయిందని అర్థం. వెంటనే గ్లాసు నీళ్లలో మూడు చెంచాల గ్లూకోజ్ లేదా చక్కెర కలిపి తాగి, కాసేపటికి ఏదైనా తినాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

రంజాన్ వస్తే?

గర్భంతో ఉండి షుగర్ కూడా ఉన్నవారికి రోజా ప్రమాదకరమని, ఉండవద్దని డాక్టర్లు చెబుతారు. పొద్దంతా ఖాళీ కడుపుతో షుగర్ పడిపోవచ్చు, ఇఫ్తార్ తర్వాత ఒక్కసారిగా పెరగొచ్చు. జబ్బుగా ఉన్నవారికి రోజా నుంచి మినహాయింపు సూరా బఖరా 184, 185 ఆయత్‌లలోనే ఉంది. తనకో, బిడ్డకో హాని భయం ఉన్న గర్భిణికి కూడా ఈ వెసులుబాటు ఉందని ఉలమా చెబుతారు. తర్వాత ఖజా చేయాలా, ఫిద్యా కూడా ఇవ్వాలా అన్న దాంట్లో మస్లక్‌ను బట్టి తేడాలున్నాయి. మీ మసీదు ఇమాం సాబ్‌ను అడగండి. "మా కాలంలో మేమంతా ఉన్నాం" అని అత్తగారు కోడలిని బలవంతపెట్టడం సరికాదు.

చిల్లా ముగిసే రోజు ఇంకో పరీక్ష

కాన్పు కాగానే గంటలోపు బిడ్డకు తల్లిపాలు పట్టాలి. బిడ్డ షుగర్ కూడా చూపించాలి. ఇక బాలింతకు గోంద్ లడ్డూలు, హరీరా పెట్టే 40 రోజులు మొదలవుతాయి. వాటిలో నెయ్యి, చక్కెర ఎంత వేయాలో డాక్టర్‌ను అడిగి వేయాలి.

కాన్పైన 6 వారాలకు, అంటే చిల్లా స్నానం రోజుల్లోనే, మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించాలి. ఈసారి పరగడుపున వెళ్లాలి. రెండు గంటలకు 140 లోపు ఉంటే మామూలు. 140 నుంచి 199 అయితే షుగర్‌కు ముందు దశ. 200, ఆపైన ఉంటే షుగర్ ఉండిపోయినట్టే. మామూలుగా వచ్చినా ఈ తల్లులకు ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం మిగతావారి కంటే చాలా ఎక్కువ. అందుకే ఏడాదికోసారి చూపించుకోవాలి. మళ్లీ గర్భం వస్తే మొదటి నెలల్లోనే చెప్పాలి.

సత్వాసా రోజున పెట్టెలో కొత్త చీరలు, గాజులు సర్దుతారు. వాటితోపాటు తల్లీబిడ్డ కార్డు, షుగర్ రిపోర్టులు కూడా పెట్టండి. పుట్టింటి వాళ్లు ముందుగా తెరిచి చూడాల్సింది వాటినే.