జింకకూ మందకూ తగవు పెట్టిందెవరు?

జింకలు చేను మేస్తున్నాయని రైతు మొర. జింకల్ని కాపాడాలని ప్రకృతి ప్రేమికుల విన్నపం. ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలిపి మనం కథలు రాస్తున్నాం. నేనూ అలాగే ఆలోచించినవాణ్ణే. కర్నూలు మెట్ట ప్రాంతపు చరిత్ర చదివాక ఆ కథలో అసలు పాత్ర లోపించిందని తెలిసింది. ఆ పాత్ర పచ్చిక బీడు.

బీడు మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న మన సాహిత్యానికి కొత్త కాదు. గొల్లలు పాడుకునే కాటమరాజు కథలో కాటమరాజుకూ నెల్లూరి నల్లసిద్ధికీ యుద్ధం వచ్చింది పుల్లరి దగ్గరే. వలస పాలకులు ఆ పుల్లరిని చట్టంగా మార్చారు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో మేతకు హద్దులు గీసింది. పల్నాడు ఎదురు తిరిగింది. 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకి గుళ్లకు బలయ్యాడు.

అడవికి ఆ విలువ కట్టిన సర్కారు బీడును మాత్రం ‘బంజరు’ అని రాసుకుంది. గొర్రెలు, ఎడ్లు, కృష్ణజింకలు, బట్టమేక పిట్టలు కలిసి తిరిగిన నేల శిస్తు లెక్కల్లో పనికిరానిదైంది. పనికిరానిదాన్ని దున్నినా, పంచినా, ముంచినా అడిగేవాడెవడు?

1972 వన్యప్రాణి రక్షణ చట్టం జింక ప్రాణానికి రక్షణ ఇచ్చింది. మంచిదే. కాని అది మేసే బీడుకు రక్షణ ఇవ్వలేదు. 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో 614 హెక్టార్లను ముఖ్యంగా బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. చెట్లు లేని గడ్డినేలకు ‘అరణ్య’మన్న పేరు! కందకాలు తవ్వి మందల్ని ఆపిన చోట గడ్డి పెరిగింది, జింకలూ పెరిగాయి. చుట్టూ ఉన్న బీళ్లు దుక్కిలోకి పోయాయి. కందకం లోపలి జింక బయటి చేలో పడింది. రైతు రాత్రంతా కావలి కాశాడు. కాపరి మందను తోలుకుని మరో ఊరి దారి పట్టాడు. ఎవరి కోసం ఇదంతా జరిగిందో ఆ పిట్ట దాదాపు కనుమరుగైంది.

ఇక్కడ జింక దొంగ కాదు, రైతు క్రూరుడు కాదు, కాపరి అజ్ఞాని కాదు. ఒకే నేలను పంచుకున్న ముగ్గురికీ ఆ నేల లేకుండా చేసి, మిగిలిన ముక్క కోసం తగవు పెట్టిన వ్యవస్థ ఉంది. శాకుంతలం నాటినుంచి జింకకు కావ్యాల్లో చోటుంది. రైతుకు మన తరం చోటిచ్చింది. గొర్రెల కాపరికి చోటేది? కాటమరాజు కథ పాడినవాళ్లకు తెలిసిన ఈ సంగతి మనకు తెలియకపోవడమే నాకు సిగ్గనిపిస్తోంది.