గుంతకల్లు గేటు దగ్గర హంపన్న

గుంతకల్లు రైల్వే కాలనీలో పెరిగినా, బళ్లో మాకెవరూ హంపన్న పేరు చెప్పలేదు. 1893 అక్టోబరు 4న తెల్ల సోల్జర్లు ఇద్దరు ఆడవాళ్ల వెంటపడితే, వాళ్లు గేటు గదిలో తలదాచుకున్నారు. గేట్‌మన్ గూళపాళ్యం హంపన్న అడ్డం నిలిచాడు. కాల్చేశారు.

గుత్తి వకీలు కేశవపిళ్లై ఊరుకోలేదు. ‘ది హిందూ’కు రాసి గొడవను మద్రాసు దాకా తీసుకెళ్లాడు. అయినా హైకోర్టులో నిందితుడైన సోల్జరు నిర్దోషి! ఎందుకు కాడు? జూరీలో సగమైనా తెల్లవాళ్లుండాలని కోరే హక్కు అప్పటి చట్టం తెల్ల నిందితులకిచ్చిందే.

జనం చందాలేసుకుని హంపన్నకు స్మారకశిల నిలిపారు. అందులో కొందరు తెల్లవాళ్ల డబ్బూ ఉంది, అదీ చెప్పాలి.

1923లో సర్కారు విచారణలో తెల్లవాళ్లకూ మనకూ మధ్య ఉన్న ఇలాంటి తేడాలు కొంత తగ్గించింది. చట్టంలోంచి పూర్తిగా తీసేసింది మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో.