బొంగు అడ్డం పెట్టిన చోటే మా పండుగ

మారేడుమిల్లి గురించి బయటివాళ్లు రాసే పరిచయాల్లో బొంగు చికెన్, జలతరంగిణి, గుడిసె కొండ తర్వాత ఒక మాట తరచూ దొర్లుతుంది: ఇక్కడి గిరిజనుల ఆట ధింసా అని.

అది తప్పు. ధింసా పుట్టిల్లు అరకు లోయ, దాన్ని ఆనుకున్న కోరాపుట్ కొండలు. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కట్టి, మోరి, తుడుము మోతకు అడుగులు వేసే ఆ ఆట గొప్పదే. కానీ అక్కడికి చేరాలంటే చింతపల్లి, పాడేరు దాటాలి. 2022 ఏప్రిల్ 4న అరకు, మారేడుమిల్లి ఒకే అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. జిల్లా ఒకటైనంత మాత్రాన ఆట ఒకటి కాలేదు.

మారేడుమిల్లి కొండరెడ్లది, కోయలది. కోయలకు రేల పాటలున్నాయి, అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు తలకు కట్టి డోలు కొట్టే కొమ్ము ఆట ఉంది. కొండరెడ్ల ఇంటిమాట తెలుగే. వాళ్ల పాటను తెలుగువాళ్లు ఇంతకాలం పట్టించుకోకపోవడం అందుకే మరీ బాధ.

కొండరెడ్ల గురించి అందరూ చూపే పుస్తకం 1945లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాసింది. విలువైనదే. అయితే అది హైదరాబాద్ సంస్థానపు ఆదివాసుల మీద వచ్చిన సంపుటాల్లో ఒకటి. మారేడుమిల్లి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఏజెన్సీలో ఉంది. గోదావరికి ఆవలి గట్టున తేలిన విషయాలను ఈ ఘాట్ ఊళ్లకు అలాగే అంటగట్టకూడదు.

ఇక్కడి అసలు ఉత్సవం భూమి పండుగ. తొలకరికి ముందు, విత్తు నేలలో పడకముందు వస్తుంది. విత్తనాలు భూదేవత ముందు పెట్టి మొక్కుతారు. మగవాళ్లు విల్లంబులతో అడవికి వెళ్లడం పాత ఆచారం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరమైంది. పాట మాత్రం ఆగలేదు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు బొంగు పెట్టి, వచ్చిన బండినల్లా ఆపి పాడతారు, పండుగ కానుక అడుగుతారు.

దీన్ని ‘వసూళ్లు’ అని రాసినవాళ్లున్నారు. సంక్రాంతికి ఇంటి ముందు ఆగే హరిదాసు తలమీది పాత్రలో బియ్యం పోసేటప్పుడు ఎవరూ ఆ మాట అనరు.

మామిడి కొత్త పండుగ కూడా ఇలాంటి ఆచారమే. తొలికాయ దేవతకు పెట్టేదాకా ఎవరూ కాయ నోట పెట్టరు. చెట్టుకు మర్యాద అలా దక్కుతుంది.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి వేదికలు వేస్తారు. 1982లో అదే తేదీన ఆదివాసుల విషయమై ఐక్యరాజ్యసమితి కార్యబృందం తొలిసారి కూర్చుంది. 1994లో ఆ తేదీని పండుగరోజుగా ప్రకటించారు. ఆ వేదిక కావాల్సిందే. దాని మీద అరకు ఆటతో పాటు ఈ కొండల రేల, కొమ్ము ఆట, భూమి పండుగ పాట కూడా వాటి సొంత పేర్లతో వినిపించాలి.

ఎండాకాలం చివర ఇటు వచ్చేవాళ్లకు ఒక విన్నపం. రంపచోడవరం దాటాక దారికి బొంగు అడ్డం కనబడితే హారన్ కొట్టకండి. ఇంజను ఆపి, పాట అయ్యేదాకా వినండి. కానుక ఆ తర్వాత ఇవ్వండి.